బిడ్డల తల్లియు, బరువు తగ్గించు శస్త్రచికిత్సయు



స్థూలకాయమునకు శస్త్రచికిత్స యనగనే అది సౌందర్యమునకై ధనికులు చేయించుకొను వేడుక యని మనలో పెక్కురు తలంతురు. ఈ తలంపు సరికాదు. పొట్టమీది క్రొవ్వును పీల్చివేయు చికిత్స వేఱు, నేను చెప్పబోవునది వేఱు. ఇది జీర్ణాశయమునే చిన్నది చేయు చికిత్స. మధుమేహము, రక్తపుపోటు, నిద్రలో ఊపిరి నిలిచిపోవుట మొదలగు వ్యాధులను వెంటబెట్టుకొని వచ్చు స్థూలకాయమునకు ఉద్దేశింపబడినది. దీనిని చేయించుకొనవలయునా, మానవలయునా యని తలపోయువారిలో పసిబిడ్డల తల్లిదండ్రులును కలరు. వారి చిక్కు తక్కినవారి చిక్కువంటిది కాదు. నేటి ప్రసంగము వారిని గూర్చియే.

ఒక గృహిణిని ఊహింతము. వయస్సు 34 ఏండ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 100 కిలోలు. కిలోల బరువును మీటర్లలోని యెత్తుచేత రెండుమార్లు భాగించినచో 40 వచ్చును. వైద్యులు దీనిని శరీరభార సూచి యందురు. మధుమేహము ఇటీవలనే బయటపడినది. పెద్దవాడు ఆఱేండ్లవాడు, చిన్నది రెండేండ్లది. ఆమె తెల్లవారుజామున లేచి నడచినది, అన్నము మాని జొన్నరొట్టె తిన్నది. 8 కిలోలు తగ్గి మరల 10 కిలోలు పెరిగినది. వైద్యుడు శస్త్రచికిత్స మాట యెత్తగనే ఆమెకు తోచిన మొదటి ప్రశ్న నొప్పిని గూర్చినది కాదు, ఖర్చును గూర్చినదియు కాదు. "నాకేమైన నైనచో ఈ పసివాండ్ర నెవరు చూతురు?"

ఈ ప్రశ్నను ఎవ్వరును తేలికగా త్రోసివేయరాదు. దీనికి కొంతవరకు సమాధానమిచ్చు పరిశోధన యొకటి స్వీడను దేశమున 1987లో ఆరంభమైనది. మరణములను గూర్చిన ఫలితములు 2007లో వెలువడినవి. శస్త్రచికిత్స పొందినవారు 2010 మంది, సాధారణ చికిత్సతోనే యుండినవారు 2037 మంది. మొదటి 90 దినములలో శస్త్రచికిత్స పొందినవారిలో 5గురు, పొందనివారిలో ఇద్దరు మరణించిరి. సగటున సుమారు 11 ఏండ్లు గడచుసరికి లెక్క తిరుగబడినది: పొందినవారిలో 101 మంది, పొందనివారిలో 129 మంది. ఎవరు ఏ వర్గమున నుండవలయునో చీట్లు వేసి నిర్ణయించిన పరిశోధన కాదిది. కావున దీనినే తుదిమాటగా గైకొనరాదు. నాటి చికిత్సలలో పెక్కు పొట్ట తెఱచి చేసినవి. నేడు సన్నని రంధ్రములగుండ చేయుటచే అపాయము తగ్గినది, కాని పూర్తిగా పోలేదు. కుట్టు విడుట, రక్తస్రావము, కాలినరములలో రక్తము గడ్డకట్టుట నేటికిని సంభవించుచున్నవి. అపాయము ముందున్నది, లాభము వెనుక నున్నది. తల్లి మనస్సు ముందున్నదానినే చూచును. చేయించుకొనకపోవుటయందు గల అపాయమునకు నిశ్చిత దినము లేదు. అది మెల్లగా, చప్పుడు లేక వచ్చును గనుక దానిని ఎవ్వరును లెక్కింపరు. రెండేండ్ల పిల్ల కళాశాల ముఖము చూచుటకు ఇంకను 15 ఏండ్లు కావలయును గదా! ఆ యేండ్లను గూడ త్రాసులో నుంచవలయును.

చికిత్సలో ముఖ్యముగ రెండు విధములు గలవు. మొదటిదానిలో జీర్ణాశయమున నాలుగింట మూడు పాళ్లకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె నుంచెదరు. తీసిన భాగము మరల రాదు. రెండవదానిలో చిన్న సంచివంటి భాగమును వేఱుచేసి, దానిని చిన్నప్రేవునకు అతికెదరు. రెండింటను కడుపు త్వరగా నిండుటయే గాక, ఆకలిని పుట్టించు రసముల తీరే మాఱును. మొదటి యొకటి రెండేండ్లలో నాలుగవవంతు బరువు తగ్గుట సామాన్యము. పిదప కొంత తిరిగి వచ్చుటయు సామాన్యమే.

ఇక ఇంటి సంగతి. ఆసుపత్రిలో నుండునది కొద్ది దినములే. అసలు కథ ఇంటికి వచ్చిన పిదపనే. నాలుగు మొదలు ఆఱు వారములవరకు బరువు లెత్తరాదని వైద్యులు చెప్పుదురు. రెండేండ్ల పిల్ల బరువు సుమారు 12 కిలోలు. ఆ పిల్ల చేతులు చాచి యేడ్చునప్పుడు చంక నెత్తుకొనకుండుట యే తల్లికి సాధ్యము? కావున ఆ వారములలో ఇంట మఱియొక పెద్దదిక్కు ఉండితీరవలయును. అమ్మమ్మ వచ్చునా, నాయనమ్మ వచ్చునా, భర్తకు సెలవు దొరకునా యని ముందే తేల్చుకొనవలయును. "ఎట్లో జరిగిపోవును" అను మాట ఇచ్చట చెల్లదు.

మొదటి దినములలో నీళ్లు, పలుచని మజ్జిగ, పప్పుకట్టు. తరువాత మెత్తగా నలిపిన యాహారము. నెల దాటిన పిదప క్రమముగా మామూలు తిండి. అదియు కొద్దికొద్దిగా, బాగుగ నమలి తినవలయును. పప్పు, గ్రుడ్డు, పెరుగు ముందు; అన్నము చివరకు, చోటున్నచో. భోజనముతో నీరు త్రాగరాదు. బి12, ఇనుము, సున్నము, డి విటమినులు జీవితాంతము మాత్రల రూపమున తీసికొనవలయును. బిడ్డలకు గోరుముద్దలు పెట్టి, వారు విడిచిన మెతుకులు వృథాయని తాను తినివేయు తల్లికి ఈ నియమము మిక్కిలి కష్టము. మన యిండ్లలో నొక విచిత్రము గలదు: పురుషుడు రోగియైనచో ఇల్లంతయు అతని పథ్యమునకై పాటుపడును, స్త్రీ రోగియైనచో తన పథ్యము తానే వండుకొని, తక్కినవారికి వేపుడు వేయించును. ఈ పద్ధతి మాఱనిచో శస్త్రచికిత్స సగమే ఫలించును. మాఱినచో లాభము ఆమెతో ఆగకపోవచ్చును. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు 2011లో ప్రకటించిన యొక చిన్న పరిశీలనలో, ఇట్టి రోగుల యింట స్థూలకాయులైన తక్కిన పెద్దలును కొంత బరువు తగ్గిరి.

మఱియొక బిడ్డను కోరువారు ఒక విషయము గమనింపవలెను. చికిత్స తరువాత 12 మొదలు 18 నెలలవరకు గర్భము ధరింపరాదు. బరువు తగ్గినకొలది గర్భము నిలుచుట సులభమగును. గర్భనిరోధక మాత్రలు కొన్ని చికిత్సల తరువాత సరిగా పనిచేయకపోవచ్చును. వేఱు మార్గమును ముందే వైద్యునితో నిశ్చయించుకొనవలెను. పాలు త్రాగు బిడ్డ యున్నచో తొందర వలదని నా యభిప్రాయము.

"పిల్లలు పెద్దవారైన పిదప చూతములే" యను మాట తఱచుగ వినవచ్చును. కొందఱికి అది యుక్తమే. నేడు సూదిమందులును వచ్చినవి. టిర్జెపటైడ్ మన దేశమున 2025లో విక్రయమునకు వచ్చినది. మానినచో బరువు చాలవరకు తిరిగి వచ్చుట వానిలోని చిక్కు. అయినను కత్తికి ముందు వానిని గూర్చి యడుగుట న్యాయము. కాని మధుమేహము క్రొత్తగా వచ్చినవారికి ఈ శస్త్రచికిత్సచే అది అణగుట యెక్కువ, పాతబడినవారికి తక్కువ. మన గృహిణి పదేండ్లు వేచియున్నచో ఆ యవకాశము కొంత జాఱిపోవును.

ఖర్చు విషయమున బీమాపత్రమును చదువుడు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన నియమముల ప్రకారము సూచి 40 గాని, తీవ్రవ్యాధులతో 35 గాని యుండి, తక్కిన చికిత్సలు విఫలమైనప్పుడు ఇది బీమాకు లోబడవచ్చును.

తుదకు బిడ్డలకు చెప్పుట. దాచిపెట్టవలదు, ఇంటిలోని గుసగుసలు పిల్లల చెవులకు ముందే చేరును. "అమ్మ లావుగా నున్నది గనుక కోసెదరు" అని మాత్రము చెప్పకుడు. బొద్దుగా నుండు పిల్లవాడు తన పొట్టను తడవి చూచుకొనును. అమ్మకు జబ్బు చేసినది, వైద్యులు బాగుచేసెదరు, నాలుగు రాత్రులు అమ్మమ్మ ప్రక్కన పండుకొనవలయును అని చెప్పిన చాలును. చిన్నదానికి మాటలు తెలియవు. దానిని ఎత్తుకొనుటకు బదులు మంచముపై ప్రక్కన కూర్చుండబెట్టుకొను అలవాటును చికిత్సకు నెల ముందునుండియే చేయవచ్చును.