కాగితం మీది మనిషి



జ్ఞానం ఎలా పెరుగుతుంది, నేనంటే ఎవరు అనే విషయం మీద మాట్లాడమన్నారు. పెద్ద మాటలు నాకు రావు. కాగితం సంగతి చెప్పి కూర్చుంటాను.

కాగితమనే మాట ఫారసీ ‘కాగజ్’ నుండి వచ్చింది. ఆ పని చైనాలో పుట్టి, ఎనిమిదో శతాబ్దంలో సమర్‌ఖండ్, అక్కడి నుండి బాగ్దాదు చేరింది. నిజాం రోజుల్లో మన పక్కనున్న కోరుట్లలో చేతి కాగితం తయారయ్యేది. అన్ని దేశాలు దాటి వచ్చిన ఆ విద్య ఏ ఒక్కడి సొత్తని చెప్పగలం?

ఇక మన ఇళ్ళల్లోని సందూకులు తెరవండి. తాతలనాటి భూమి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. పాసుబుక్కు తెలుగులో వచ్చింది, బ్యాంకులో ఇంగ్లీషు అడుగుతారు. ఖాదర్ అనే పేరే చూడండి. ఇంగ్లీషులో ఒక గుమాస్తా ‘క్యూ’తో మొదలుపెడతాడు, ఇంకొకడు ‘కె, హెచ్’ అంటాడు. ఇద్దరూ ఒక్కడేనని అఫిడవిట్ తెమ్మంటారు! మన సదాశివనగర్ కూడా అంతే గదా. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది.

మరి ఆ ఖాదర్ ఒక్కడేనని ఎట్లా తెలుస్తుంది? ఆయన తండ్రిని ఎరిగినవాళ్ళు, పక్క చేను రైతు, ఆ పాత కాగితం చదవగల ముసలాయన చెప్పాలి. మన గుర్తింపు సగం ఎదుటివాళ్ళ జ్ఞాపకంలో ఉంటుంది. వాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు మొదలుపెట్టింది. సైన్సు పుస్తకాలు సైతం తర్జుమా చేయించారు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది. తప్పొప్పుల జోలికి నేను పోను. తాత చదివిన లిపి మనవడికి రాదు, ఇది మాత్రం మన ఇంటి కష్టం.

అందుకని పిల్లలారా, చదవగలిగిన పెద్దల దగ్గర కూర్చుని ఆ కాగితాలు చదివించుకోండి. హద్దులు, పేర్లు తెలుగులో రాసుకోండి. నికాహ్‌నామాలను మరువకండి. భూమి కాగితంలో కనబడని దాదీ పేరు, ఆమె తండ్రి పేరు అందులో దొరుకుతాయి. ఫోన్లో ఫోటో తీసుకుంటే చాలదా అంటారు. తీసుకోండి, కానీ ఫోటో చదివి వినిపించదు గదా.

నోటుపుస్తకాల ఖర్చు సొసైటీ పెట్టుకోవాలని కార్యదర్శిగారికి ఈ సభాముఖంగా మనవి చేస్తున్నాను.