తోచినది, చూచినది



మనము కన్నులార చూచినదెంత? దానికి మనము చేర్చుకొన్నదెంత? గ్రీకు తత్త్వవేత్తయైన అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ‘ఆత్మను గూర్చి’ అను గ్రంథములో దీనిని విచారించెను. మైనముపై ఉంగరము నొక్కినప్పుడు దాని ముద్ర నిలుచును గాని ఇనుమైనను బంగారమైనను మైనములోనికి పోదు. ఆలాగే ఇంద్రియము వస్తువును గాక దాని రూపమును మాత్రమే గ్రహించునని ఆయన బోధించెను. కన్నులు మూసికొన్నను మనస్సునకు కనబడు రూపములు కలవు గదా! అట్లు తోపింపజేయు శక్తికి ఆయన వాడిన పేరు ‘ఫాంటసియా’.

ఎదుట తెల్లనిది ఉన్నదనుటలో కన్ను పొరబడదు. అది ఫలానా మనిషి అనుటలో పొరబడవచ్చును. సూర్యుడు అడుగు వెడల్పున కనబడును. అయినను మనము నివసించు భూమికంటె పెద్దవాడని నమ్ముచున్నాము. కాబట్టి తోచుట వేరు, నమ్ముట వేరు.

సంఘములలో ఎన్ని తగవులు ఈ భేదము మరచుటవలన పుట్టుచున్నవి! ఒకరు పొరుగువారి గుమ్మమునొద్ద నిలిచియుండుట చూతుము. ఎందుకు నిలిచిరో మనమే అల్లుదుము. అల్లినదానిని చూచితిమని చెప్పుదుము. అబద్ధ సాక్ష్యమును నిషేధించిన ఆజ్ఞ ఇచ్చటను వర్తించును.

నూరేండ్ల సాక్ష్యమును స్మరించుకొను ఈ వేళ, తోచినదానిని పరీక్షించి, చూచినదానినే పలుకుదము. ప్రభువు మనకట్టి వివేకము ననుగ్రహించును గాక.