చెట్టు నుంచి దించిన జీలుగు కల్లు

పైనుంచి ఏమీ కలపకుండా, దానంతట అదే పులిసే వైన్‌కు నగరాల్లో గిరాకీ పెరిగింది. నేచురల్ వైన్ అంటున్నారు. దమ్మపేట, అశ్వారావుపేట అడవి పల్లెల్లో జీలుగు కల్లు తీసే కోయలకు, కొండరెడ్లకు ఇది తాతల నాటి పద్ధతి.

జీలుగు చెట్టు గెల కొసను రోజూ పలచగా చెక్కుతారు. కింద కట్టిన కుండలోకి తియ్యటి నీరా చుక్కచుక్కగా దిగుతుంది. గాలిలో, కుండ గోడల్లో ఉన్న ఈస్టు అందులో చేరుతుంది. ఎవరూ వేయరు, అదే వస్తుంది. గంటల్లో నురగ మొదలవుతుంది. పొద్దున తీపి, పొద్దెక్కేకొద్దీ పులుపు, ఘాటు.

జార్జియా దేశంలో ద్రాక్షరసాన్ని భూమిలో పాతిన మట్టి కాగుల్లో పులియబెడతారు. అక్కడా అంతే, ఈస్టు దానంతట అదే వస్తుంది. ఆ పద్ధతిని 2013లో యునెస్కో గుర్తించింది. మన జీలుగుకూ అంత గౌరవం దక్కాలని నా కోరిక.

ఒక్కమాట గుర్తుంచుకోండి. ఏమీ కలపలేదంటే మత్తు లేదని కాదు. పులిసిందంటే ఆల్కహాల్ ఉన్నట్టే. ఇక కల్లు పేరుతో క్లోరల్ హైడ్రేట్, డయజిపాం కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. అది ప్రాణం తీస్తుంది. ఏ చెట్టు నుంచి, ఎప్పుడు దించారో చెప్పలేనివాళ్ల దగ్గర కల్లు కొనకండి.