పరీక్ష తరువాత పెద్దల పని



మా తాతగారు మద్రాసు రేవున ఓడ ఎక్కి గిర్మిట్ కూలీగా ఫిజీ చేరారు. 1987 కుట్రల తరువాత మేము వాంకూవరు వచ్చాము. మా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చినది. తప్పులుంటే మన్నించండి.

బడిపంతులము గనుక లెక్కతో మొదలుపెడతాము. భార్యాభర్తలిద్దరూ తలసీమియా వాహకులైతే వారికి జబ్బు ఉండదు. కాని ప్రతి కాన్పులోను బిడ్డకు పెద్ద జబ్బు వచ్చే అవకాశము నాలుగింట ఒకటి. మేనరికములో ఇద్దరూ వాహకులయ్యే అవకాశము మరింత ఎక్కువ. ఇది కోడలి దోషము కాదు. రెండు వైపుల నుండి వస్తేనే బిడ్డకు వస్తుంది.

మా అమ్మాయి రక్తకణములు చిన్నవని డాక్టరు చెప్పినప్పుడు, ఐరన్ మాత్రలు చాలునని మేము ఊరుకున్నాము. ఆమె గర్భవతి అయిన తరువాతనే ఇద్దరూ వాహకులని తెలిసింది. పదకొండు వారాలు దాటాక మాయ నుండి కొంచెము తీసి పరీక్షకు పంపారు. ఫలితము వచ్చేవరకు ఇంటినిండా మాటలే. ఒకరు మొక్కు అన్నారు, ఒకరు జాతకమన్నారు, మేము పాఠము చెప్పాము. చివరకు అమ్మాయి, "నాన్నా, అందరూ చెబుతున్నారు. నన్ను ఒక్కరూ అడగరేం?" అన్నది. మాకు సిగ్గు వేసింది.

బిడ్డకు జబ్బు ఉన్నదని తేలింది. వారిద్దరూ ఆలోచించుకొని గర్భము వద్దనుకున్నారు. మా బంధువుల ఇంట అదే ఫలితము వస్తే, వారు బిడ్డను కన్నారు. ఆ బాబు మూడు నాలుగు వారాలకొకసారి రక్తము ఎక్కించుకుంటూ, ఒంట్లో చేరే ఇనుమును తీసే మందు వాడుతూ బడికి వెళ్తున్నాడు. ఎవరిది సరియైన పని అని మమ్ములను అడగకండి. పండుగకు రెండు ఇళ్ళకూ పులిహోర పట్టుకొని వెళ్తాము. కెనడా సుప్రీంకోర్టు 1988 జనవరిలో గర్భస్రావ నేరచట్టమును కొట్టివేసింది. చట్టమే పక్కకు తప్పుకున్న చోట మేనత్తలు, మేనమామలు తీర్పు చెప్పరాదు.

మా తప్పు అంతకు ముందే జరిగింది. ఆలస్యముగా తెలియడముతో ఆ పిల్లలకు ఆలోచించే వ్యవధి లేకపోయింది. మాంట్రియల్‌లో డాక్టర్ చార్లెస్ స్క్రైవర్ గారి బృందము హైస్కూలు పిల్లలకే, ఇష్టపడినవారికి, వాహక పరీక్ష చేసింది. 1996లో ప్రచురించిన ఇరవై ఏళ్ళ లెక్క ప్రకారము అక్కడ ఈ జబ్బుతో పుట్టే పిల్లలు నూటికి 90కి పైగా తగ్గారు. వాహకులని తెలిసిన పిల్లలు దాదాపు అందరూ ఆ సంగతి పెద్దయ్యాక కూడా గుర్తుంచుకున్నారట. బడిలో చెప్పినది అంతకాలము గుర్తుండడము పంతుళ్ళకు అరుదైన భాగ్యము!

కనుక మా మనవి ఇది. పెళ్ళి మాటలకు ముందే పిల్లలకు రక్తపరీక్ష చేయించండి. గర్భములో పరీక్ష జరిగి ఫలితము వచ్చిన నాడు మాత్రము, "మీకేమి కావాలి?" అని అడిగి, జవాబు వినండి. వారు ఏది ఎంచుకున్నా ఆ ఇంటికి వెళ్ళడము మానకండి.

సెలవు.