పాత బస్సు, కొత్త బస్సు – వాటి వెనుక మనిషి
(జుగ్సలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పాత వాహనములను, కొత్త వాహనములను ప్రజలకు చూపి ముచ్చట గొలుపుట నేడు పలుచోట్ల ఆచారమైనది. హైదరాబాదు బస్ భవన్‌లో 1932 నాటి ఆల్బియన్ బస్సును భద్రపరచినారు. విశాఖ సముద్రతీరమున 2025లో విద్యుత్తుతో నడిచే రెండంతస్తుల బస్సులను ప్రవేశపెట్టినారు. చూచువారికి రెండును వేడుకే. అయితే కార్మికులమైన మనము వాహనముతోబాటు దాని వెనుక ఉన్న మనిషిని కూడ చూడవలెను. నేడు మేము మనవి చేయదలచినది ఈ ఒక్క విషయమే.

బస్సుల సంగతి మనకెందుకని మీరడుగవచ్చును. ఈ జుగ్సలాయి ప్రక్కనే టాటానగర్ స్టేషనున్నది. ఈ జంషెడ్‌పూరులోనే 1945లో స్థాపితమైన టెల్కో తొలుత రైలింజనులను నిర్మించినది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారముతో లారీల నిర్మాణమునకు పూనుకొన్నది. 1970లో ఆవిరి ఇంజనుల నిర్మాణము ముగిసినది. ఒకే ఊరి కార్మికుల చేతులు పట్టాలపై నడుచు బండిని, రోడ్డుపై నడుచు బండిని కూడ తయారుచేసినవి. ఇక రైలు చేరని పల్లెలకు తపాలా సంచులను మోసినది బస్సే గదా!

తెలుగునాట ఈ సంబంధము మరింత దగ్గరిది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేయే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభించినది. అనగా బస్సు ఒక్కింటికి ఆరుగురు చొప్పున! 1951లో ఆ శాఖ హైదరాబాదు ప్రభుత్వము క్రిందికి వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. బస్సు సంస్థది, డిపో సంస్థది, డ్రైవరు కూడ సంస్థవాడే అన్న పద్ధతి అట్లు స్థిరపడినది.

పాత బస్సులో స్టీరింగు త్రిప్పుటకు భుజబలము కావలెను. ఇంజను వేడి, రొద రోజంతయు డ్రైవరు భరించవలెను. విద్యుత్ బస్సులో గేర్లు మార్చు శ్రమ లేదు, పొగ లేదు, రొద తక్కువ. ఇది నిజమైన మేలు. యంత్రము మారుటకు మేము విరోధులము కాము.

కాని యంత్రముతోబాటు మరొకటి కూడ మారినది. 2019 నుండి తెలుగు రాష్ట్రములకు వచ్చిన విద్యుత్ బస్సులలో అధిక భాగము రవాణా సంస్థల సొంతము కావు. ప్రైవేటు కంపెనీ బస్సును, డ్రైవరును సమకూర్చును. మరమ్మతులు తానే చూచుకొనును. తిరిగిన ప్రతి కిలోమీటరుకు ఇంత అని సంస్థ చెల్లించును. కండక్టరు ఒకరి ఉద్యోగి, డ్రైవరు మరొకరి ఉద్యోగి. బస్సు ఒక్కటే, దారి ఒక్కటే, ప్రయాణికుల కోపతాపములు ఇద్దరికీ ఒక్కటే. జీతపు చీటీలు మాత్రము వేరు. ఆంధ్రప్రదేశ్‌లో సంస్థ ఉద్యోగులు 2020 జనవరి 1 నుండి ప్రభుత్వోద్యోగులైనారు. కంపెనీ డ్రైవరుకు ఆ భరోసా లేదు.

ఇది పరుల కథ కాదు. మన స్టేషనులను, బోగీలను శుభ్రపరచువారిలో ఎందరు కాంట్రాక్టు మనుషులో మీకు తెలియును. పల్లెలో ఉత్తరము అందించు గ్రామీణ డాక్ సేవకుడు నేటికిని సాధారణ తపాలా ఉద్యోగులతో సమానుడు కాలేదు. బస్సులో డ్రైవరుకు జరిగినది మనలో పలువురికి ఇప్పటికే జరిగినది.

కావున మన కోరికలు స్పష్టముగా ఉండవలెను. ఒకే పనికి ఒకే వేతనము కావలెను. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము రోజుకు 8, వారమునకు 48 పని గంటలను పరిమితిగా నిర్ణయించినది. చట్టముల పేర్లు మారినను, జీతమిచ్చువాడు ఎవడైనను ఆ పరిమితి చెక్కుచెదరరాదు. డిపో మెకానిక్కులకు బ్యాటరీ, మోటారు పనులలో శిక్షణ ఇవ్వవలెను. లేనిచో వారి నేర్పు పాత ఇంజనుతోబాటే మ్యూజియము చేరును.

ప్రదర్శనలో నిలిపిన బస్సు ప్రక్కన తయారైన సంవత్సరము, సీట్ల సంఖ్య వ్రాసిన పలక ఉండును. దానిపై మరి రెండు వరుసలు వ్రాయుమని అడుగుదము: ఈ బండి ఎందరికి ఉద్యోగమిచ్చినది? వారు దినమునకు ఎన్ని గంటలు పనిచేసినారు? ఆ లెక్క చూపగలిగిననాడే ఆల్బియన్ కంటె కొత్త బస్సు నిజముగా ముందడుగు వేసినదో లేదో ప్రజలకు తెలియును.

కార్మిక ఐక్యత వర్ధిల్లుగాక!