గడ్డి పట్టి ఉంచిన పట్టాలు

ఈ ఎపిసోడ్ రైలు గురించి అనుకుని క్లిక్ చేసుంటారు. రైలు ఉంటుంది, కానీ ఎక్కువగా మాట్లాడేది రైలు కింద ఉండే వాటి గురించి.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే థామస్ అనే నీలం రంగు ఇంజిన్ మీకు తెలిసే ఉంటుంది. ఆ కథలు రాసిన రెవరెండ్ ఆడ్రీ 1952లో వేల్స్‌లో ఒక బుల్లి రైల్వేలో వాలంటీర్‌గా పని చేశారు. ఆయన పుస్తకాల్లో వచ్చే స్కార్లోయ్ రైల్వేకి మూలం అదే. పేరు టాలిథ్లిన్. వెల్ష్ వాళ్ళ డబుల్ ఎల్ మన నోటికి పట్టదు, నేను ఇలాగే పలుకుతా, సర్దుకోండి.

నేను ఆన్‌సైట్ మీద బర్మింగ్‌హామ్‌లో ఉన్నప్పుడు ఒక శనివారం అక్కడికి వెళ్ళాను. సముద్రం ఒడ్డున టవిన్ అనే ఊరు. అక్కడ పెద్ద రైలు దిగి, కాస్త నడిచి ఈ చిన్న రైలు ఎక్కాలి. పట్టాల మధ్య వెడల్పు 2 అడుగుల 3 అంగుళాలు. మన బ్రాడ్ గేజ్ 5 అడుగుల 6 అంగుళాలు కదా, అందులో సగం కూడా లేదు. లైన్ మొత్తం 7.25 మైళ్ళు, అంటే దాదాపు 12 కిలోమీటర్లు.

కథ క్లుప్తంగా చెప్తా. కొండల్లో తవ్విన పలకరాయిని కిందకి తేవడానికి 1865 ప్రాంతంలో ఈ లైన్ వేశారు. 1911లో హేడన్ జోన్స్ అనే ఆయన క్వారీనీ రైల్వేనీ కొన్నారు. 1946లో క్వారీ మూతపడింది. అయినా తాను బతికున్నంత కాలం రైలు నడుపుతానన్నారు, నడిపారు. 1950లో పోయారు. ఇక మూసేయడమే అనుకున్నారందరూ. అప్పుడు టామ్ రోల్ట్ అనే రచయిత, ఆయన స్నేహితులు అక్టోబర్ 11న బర్మింగ్‌హామ్‌లో మీటింగ్ పెట్టారు. జీతం లేకుండా మనమే నడుపుదాం అన్నారు. 1951 మే 14న మొదటి రైలు నడిపారు. వాలంటీర్లు కాపాడి నడిపిన మొదటి రైల్వే ప్రపంచంలో ఇదే.

ఇప్పటిదాకా విన్నది సినిమా కథలా ఉంది కదా? దీని స్ఫూర్తితో 1953లో నిజంగానే ఒక ఇంగ్లిష్ కామెడీ సినిమా వచ్చింది కూడా. కానీ అసలు కష్టం ఎక్కడుందంటే, పట్టాల్లో.

రోల్ట్ వాళ్ళ చేతికి వచ్చిన లైన్‌లో స్లీపర్లు కుళ్ళిపోయి ఉన్నాయి. చాలా చోట్ల పట్టాలు కనబడేవే కావు, గడ్డిలో మునిగిపోయాయి. తమాషా ఏంటంటే, వాటిని పక్కకి జరగకుండా పట్టి ఉంచింది ఆ గడ్డే. శుభ్రం చేద్దామని పీకేస్తే పట్టాలు విడిపోతాయి! మన ఆఫీసుల్లో పాత కోడ్ ఉంటుంది చూడండి, ఎవరూ ముట్టుకోరు, ఏ లైన్ తీస్తే ఏం కూలుతుందో తెలీదు. అచ్చం అదే.

ఇంకో ముచ్చట. మూతపడిన పక్క రైల్వే కారిస్ నుంచి రెండు పాత ఇంజిన్లు కొన్నారు. గేజ్ అక్కడా అదే, 2 అడుగుల 3 అంగుళాలు. తీరా నడిపితే వాటిలో 3వ నంబర్ ఇంజిన్ పట్టాలు తప్పేది. కొలిచి చూస్తే, ఇక్కడి పట్టాలు కాగితం మీదున్న దానికంటే అర అంగుళం ఎక్కువ వెడల్పుగా ఉన్నాయి. పాత ఇంజిన్ మలుపులు తిరగడానికి ఎప్పుడో అలా వేసుకున్నారు. ఆ అర అంగుళం సరిచేయాలంటే లైన్ అంతా మళ్ళీ వేయాలి. ఏళ్ళ తరబడి వేశారు. ఆఫీసుల నుంచి సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు.

ఒక స్లీపర్ మార్చడం అంటే ఏంటో చెప్తా. దాని చుట్టూ కంకర తవ్వి తీయాలి. బిగింపులు విప్పాలి. పాతదాన్ని పక్క నుంచి లాగాలి. కొత్తది తోయాలి. బిగించి గేజ్ కొలవాలి. తర్వాత కంకరని దాని కిందకి కొట్టి కొట్టి గట్టిపరచాలి, దీన్ని ప్యాకింగ్ అంటారు. రైలు నాలుగుసార్లు వెళ్ళాక అది కాస్త కుంగుతుంది. మళ్ళీ ప్యాకింగ్. ఇది ఒక్క స్లీపర్. ఇవి కాక కాలవలు పూడిక తీయడం, ఫిష్‌ప్లేట్లకి నూనె పెట్టడం, చెట్లు కొట్టడం. పెద్ద పని చలికాలంలోనే, ఎందుకంటే ఎండాకాలం టూరిస్టులతో రైళ్ళు నడవాలి. వేల్స్ చలికాలం అంటే వాన, బురద. ఇంజిన్ నడిపేవాడితో అందరూ ఫోటో దిగుతారు. కంకర కొట్టేవాడితో ఎవరు దిగుతారు?

రైలు ఒక మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి వాళ్ళని చూశాను. ఆరెంజ్ జాకెట్లలో ఐదారుగురు. పారలు ఆనించుకుని, పక్కకి జరిగి, రైలుకి దారిచ్చి నిలబడ్డారు. ఎక్కువమంది తెల్లజుట్టు వాళ్ళే. మా పెట్టెలో వాళ్ళందరూ చేతులూపారు. నేను మాత్రం ఊపలేకపోయాను.

ఎందుకంటే మా తాతయ్య గ్యాంగ్‌మ్యాన్. డోర్నకల్ వైపు సెక్షన్. అదే పార, అదే గడ్డపార, అదే కంకర. ఎండాకాలం పట్టాలు సాగి వంకర పోతాయని మిట్టమధ్యాహ్నం నడిచేవాడు, వానాకాలం రాత్రి లాంతరు పట్టుకుని నడిచేవాడు. మా నాన్న పెళ్ళిచూపుల్లో 'మా నాయన రైల్వేలో చేసిండు' అని మాత్రమే చెప్పాడట. నేనూ కాలేజీలో అంతే చెప్పాను. ఏం పని అని ఎవరైనా అడిగితే మాట మార్చేవాణ్ణి.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవాలి. 'చూడండి, అక్కడ చదువుకున్నవాళ్ళు పార పడుతున్నారు, మనకి సిగ్గు' అని లెక్చర్ ఇవ్వడం తేలిక. కానీ ఆ రెండూ ఒకటి కాదు. ఆ వాలంటీర్ వాన ఎక్కువైతే టీ తాగడానికి వెళ్ళొచ్చు, వచ్చే వారం రాకపోయినా ఇల్లు గడుస్తుంది. తాతయ్యకి ఆ వీలు లేదు. ఇష్టంతో చేసిన పనికి చేతులూపుతాం, అవసరంతో చేసిన పనిని దాచిపెడతాం. పని మాత్రం ఒకటే, పట్టా కింద కంకర ఒకటే. మన దగ్గర ఇప్పుడు గ్యాంగ్‌మ్యాన్ అనరు, ట్రాక్ మెయింటెయినర్ అంటారు. పేరు మారింది, మంచిదే. మనం రైల్లోంచి చూసే చూపు మారిందా?

తిరుగు ప్రయాణంలో నాన్నకి ఫోన్ చేశాను. తాతయ్య ఏ లైన్‌లో నడిచేవాడు అని అడిగా. గుర్తుండదులే అనుకున్నా. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ కిలోమీటరు రాయి దాకానో, మధ్యలో ఎన్ని మోరీలో, ఏ మలుపు దగ్గర వానకి మట్టి జారేదో, వరసగా చెప్పుకుంటూ పోయాడు. చిన్నప్పుడు సద్ది తీసుకెళ్ళింది తనేనట. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ మోరీల దాకా నాన్నతో వెళ్దామనుకుంటున్నా. మీరు రైల్లో వెళ్తుంటే, పట్టాల పక్కన పారతో నిలబడి దారిచ్చేవాళ్ళు కనిపిస్తే, ఒక్కసారి చెయ్యి ఊపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.