రెడీమేడ్ సూట్ కొంటున్నారా? షోల్డర్ చూసి కొనండి, మిగతాది టైలర్ చూసుకుంటాడు

ముందుగా స్క్రీన్ మీద ఈ ఫొటో చూడండి. సూళ్లూరుపేటలో మా అక్క రిసెప్షన్. స్టేజ్ మీద చివర్లో నిలబడింది నేనే. సూట్ బాగుంది కదా? ఇప్పుడు నా ఎడమ చెయ్యి జూమ్ చేసి చూడండి. కోటు చెయ్యి కుడివైపు కంటే పావు అంగుళం పొట్టి. ఎవరూ కనిపెట్టలేదు. కానీ నాకు మాత్రం ఆ ఫొటో చూసినప్పుడల్లా కన్ను అక్కడికే పోతుంది.

ఆ పావు అంగుళం వెనక ఒక కథ ఉంది. ఈరోజు అదే చెప్తా. క్యాంపస్ ఇంటర్వ్యూకో, ఫ్రెండ్ పెళ్లికో ఫస్ట్ టైమ్ సూట్ కొనబోయే తమ్ముళ్లకు పనికొస్తుంది.

నా వెనక కనిపించేది పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద ఉన్నా. ఈ ఉక్కపోతలో సూట్ ఏందిరా అంటారా? నిజమే. మన దగ్గర సూట్ జీవితంలో నాలుగైదు సార్లు వేస్తాం. కానీ ఆ నాలుగైదు సార్లూ ఫొటో తీస్తారు, లేదా ఎదురుగా ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూర్చుంటారు. అందుకే ఫిట్టింగ్ ముఖ్యం.

సరే, కథకి వద్దాం. అప్పుడు నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నా. రిసెప్షన్‌కి ఇంకా నాలుగు రోజులే ఉంది. ఒక పెద్ద షాపుకి వెళ్లా. 40 సైజు తొడిగించారు. చేతులు పొడుగు, నడుము దగ్గర లూజు. "నో ప్రాబ్లమ్ సార్, ఆల్ట్రేషన్ ఫ్రీ, అరగంటలో ఇస్తాం" అన్నారు. ఫ్రీ అనేసరికి మనకి ఇంకేం కావాలి? కాఫీ తాగి వచ్చేసరికి సూట్ కవర్లో రెడీ. తొడిగి చూడకుండా తీసుకుని ట్రైన్ ఎక్కేశా. అది నా మొదటి తప్పు.

ఇంటికొచ్చి తొడిగితే రెండు చేతులూ పొట్టి అయిపోయినాయి. ఎడమది ఇంకా పొట్టి. నడుము మాత్రం అట్లే సంచిలాగా ఉంది. అమ్మ చూసి ఏమీ అనలేదు. నాన్న మాత్రం "ఎంత పెట్టినావు?" అని అడిగినాడు. ఏడువేల ఐదొందలు అన్నా. ఆయన కూడా ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి రోజు పొద్దున్నే మా ఊళ్లో ఒక టైలర్ మాస్టర్ దగ్గరికి వెళ్లా. బట్టల కొట్టు వరండాలో ఒక మిషన్, ఒక స్టూలు, అంతే. చిన్నప్పుడు నా స్కూల్ నిక్కర్లు కుట్టింది ఆయనే. ఆయన కోటు తీసుకుని ముందు వైపు అసలు చూడలేదు. తిరగేశాడు. చెయ్యి అంచు దగ్గర లైనింగ్ విప్పి, లోపల వేలు పెట్టి చూసి, "గుడ్డ కత్తిరించేసినారే అబ్బయ్యా" అన్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఈ ఎపిసోడ్‌లో అసలు పాయింట్ ఇదే. చెయ్యి పొట్టి చెయ్యాలంటే మిగిలిన గుడ్డని లోపలికి మడిచి కుట్టొచ్చు, లేదా కత్తిరించేయొచ్చు. మడిస్తే రేపు మళ్లీ దించుకోవచ్చు. కత్తిరిస్తే అయిపోయింది. నా భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేకుండా డిలీట్ కొట్టడం. కుట్టు విప్పొచ్చు, కత్తెర పడితే మాత్రం వెనక్కి రాదు.

మాస్టర్ ఏం చేశాడంటే, లోపల మిగిలిన కొంచెం గుడ్డని మొత్తం కిందికి దించి, లోపలి అంచుకి అదే రంగు వేరే గుడ్డ అతికించాడు. బయటికి కనపడదు. కుడి చెయ్యి సరిపోయింది. ఎడమదానికి మాత్రం పావు అంగుళం తగ్గింది. లేని గుడ్డని ఎవరు తెస్తారు?

తర్వాత కోటు నడుము. రెండు పక్కలా కుట్టు విప్పి, టాకాలు వేసి, "తొడిగి చూడు" అన్నాడు. ఒకసారి చూసి, సుద్దతో గీసి, మళ్లీ విప్పి, మళ్లీ టాకాలు. తర్వాతే మిషన్ కుట్టు. మొత్తం మూడు గంటలు. తొమ్మిదొందలు అడిగాడు. నేను ఏం చేశానో తెలుసా? "కొత్త ప్యాంటు కుట్టినంత అడుగుతున్నావే మాస్టర్" అన్నా. అది నా రెండో తప్పు.

ఆయన కోప్పడలేదు. "కొత్త గుడ్డ అయితే మన మాట వింటుంది. ఇది ఇంకొకడి చేతిలో తయారై వచ్చింది, దీని మాట మనం వినాల" అన్నాడు. నేను సైలెంట్. వేరేవాళ్లు రాసిన కోడ్ ఫిక్స్ చేయడం ఎంత కష్టమో రోజూ ఆఫీసులో అనుభవించేవాణ్ణి. ఇక్కడికొచ్చి ఆయన దగ్గర బేరం ఆడుతున్నా. తొమ్మిదొందలూ ఇచ్చేశా.

మన నాన్నల టైమ్‌లో ఇట్లా ఉండేది కాదు. పెళ్లికి సూట్ పీస్ పెట్టేవాళ్లు, మూడు, మూడుంపావు మీటర్ల గుడ్డ. టైలర్ కొలతలు తీసి, మధ్యలో ట్రయల్ చూసి కుట్టేవాడు. ఇప్పుడు మనం ముందు సూట్ కొంటాం, తర్వాత ఒంటిని దాంట్లో పట్టించాలని చూస్తాం. 40 సైజు అంటే ఛాతీ 40 అంగుళాల మనిషికి అని. సెట్‌గా అమ్మే సూట్‌లో మామూలుగా ప్యాంటు నడుము ఛాతీ కంటే ఆరంగుళాలు తక్కువ లెక్కన, అంటే 34 వస్తుంది. మీ ఒళ్లు ఆ లెక్కలో ఉండాలని రూల్ ఏమీ లేదు. రెడీమేడ్ అంటే డిఫాల్ట్ సెట్టింగ్స్. మార్చుకోవాల్సిందే.

మరి ఏవి మార్చొచ్చు, ఏవి మార్చకూడదు? మాస్టర్ దగ్గర నేర్చుకున్నవి చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, షోల్డర్. ఇది సరిపోకపోతే ఆ సూట్ అక్కడే వదిలేయండి. షోల్డర్ మార్చాలంటే చేతులు ఊడదీసి, లోపలి ప్యాడ్ తీసి, కోటు సగం మళ్లీ కుట్టాలి. టెస్ట్ చాలా సింపుల్. గోడ పక్కన నిలబడి పక్కకి ఆనుకోండి. మీ భుజం కంటే ముందు కోటు ప్యాడ్ గోడకి తగిలి నలిగితే అది మీకు పెద్దది.

రెండు, కోటు పొడవు. సీటు కవర్ అవ్వాలి. పొడవు బాగా తగ్గిస్తే జేబులు కిందికి జారినట్టు కనిపిస్తాయి. కాబట్టి ఇది కూడా షాపులోనే సరిచూసుకోండి.

మూడు, కాలర్. మెడ వెనక కోటు కాలర్‌కీ షర్టు కాలర్‌కీ మధ్య ఖాళీ కనిపిస్తోందా? వేరే పీస్ అడగండి. అది సరిచేయడం పెద్ద పని.

నాలుగు, నడుము. రెండు గుండీల కోటు అయితే పై గుండీ ఒక్కటే పెట్టండి, కిందది ఎప్పుడూ పెట్టరు. గుండీ దగ్గర ఎక్స్ ఆకారంలో ముడతలు పడితే టైటు. లోపల పిడికిలి దూరి ఇంకా ఖాళీ ఉంటే లూజు. లూజు అయితే భయం లేదు, టైలర్ లోపలికి పట్టేస్తాడు. టైటు అయితే లోపల మార్జిన్ ఎంత ఉందో చూడాలి. గుడ్డ ఉంటేనే వదలగలడు.

ఐదు, చేతులు. కోటు చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగాలి, కింద షర్టు అర అంగుళం కనిపించాలి. చెయ్యి చివర గుండీలకి కాజాలు నిజంగా కోసి ఉన్నాయా, ఊరికే కుట్టు గీతలా అని చూడండి. నిజం కాజాలు ఉంటే కింద నుంచి పొట్టి చేయడం కుదరదు, పైన భుజం దగ్గర విప్పాలి. ఖర్చు ఎక్కువ.

ఆరు, ప్యాంటు. పొడవు, బాటమ్, నడుము అన్నీ ఈజీ. కాకపోతే నడుము రెండంగుళాలు దాటి పట్టిస్తే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి కలుసుకుంటాయి.

టైలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రోజు వేసుకునే షర్టు, బూట్లు వేసుకునే వెళ్లండి. చెప్పులతో వెళ్తే ప్యాంటు పొడవు తప్పుతుంది. జేబులో ఫోన్ తీసేయండి. మామూలుగా నిలబడండి, ఊపిరి బిగబట్టొద్దు. ఇంకోటి, కోటు వెనక చీలిక దగ్గర ఎక్స్ లాగా దారం ఉంటుంది, చేతి మీద బ్రాండ్ లేబుల్ ఉంటుంది. రెండూ షాపు కోసం పెట్టినవి, విప్పేయాలి. పెళ్లిళ్లలో ఆ లేబుల్‌తోనే తిరిగేవాళ్లని ఎంతమందిని చూశానో!

ఇస్త్రీ కూడా డైరెక్ట్‌గా పెట్టొద్దు. చాలా రెడీమేడ్ కోట్లలో లోపలి పొరని జిగురుతో అతికిస్తారు. వేడి ఎక్కువైతే పొర ఊడి పైన బుడగలు వస్తాయి. మీద కాటన్ గుడ్డ పరిచి ఇస్త్రీ చేయించండి.

కోటు జేబులో పెట్టే రుమాలు గురించి ఒక ముచ్చట. డచ్ వాళ్లు 1613లో ఈ పులికాట్ తీరంలో కోట కట్టుకున్నారు, గెల్డ్రియా కోట. వాళ్లకి ఇక్కడి నుంచి కావాల్సినవాటిలో ముఖ్యమైనది బట్ట. ఇక్కడి రంగుల రుమాళ్లకి ఎంత పేరంటే, ఇంగ్లీష్‌లో ఆ రకం రుమాలుకి పులికాట్ పేరే పెట్టేశారు. రుమాలుకి ఒక సుఖం ఉంది, ఫిట్టింగ్ అక్కర్లేదు.

ఇప్పుడు కథలో మిగిలిన ముక్క. మాస్టర్ నా కోటు నడుము పట్టించినప్పుడు లోపల మిగిలిన గుడ్డ కత్తిరించలేదు. "ఎందుకు మాస్టర్, తీసేయొచ్చు కదా?" అన్నా. "నువ్వు ఎప్పటికీ ఇట్లే ఉంటావా?" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నా.

రెండేళ్ల తర్వాత మా చిన్నాన్న కొడుక్కి శ్రీసిటీలో ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది. వాళ్ల ఇంట్లో సూట్ కొనే పరిస్థితి లేదు. వాడు అడగడానికి మొహమాటపడుతుంటే నేనే కోటు తీసి తొడిగించా. షోల్డర్ కరెక్ట్‌గా కూర్చుంది. కానీ వాడు నాకంటే లావు, గుండీ పడలేదు. మళ్లీ మాస్టర్ దగ్గరికే వెళ్లాం. పక్కన కుట్టు విప్పి, దాచిపెట్టిన గుడ్డ వదిలాడు. గుండీ పడింది. వాడు అద్దంలో చూసుకుని నిలబడిన తీరే మారిపోయింది.

ఆ జాబ్ వచ్చిందా అంటే, రాలేదు. రెండో రౌండ్‌లో పోయింది. మూడు నెలల తర్వాత ఇంకో కంపెనీలో వచ్చింది, ఆ ఇంటర్వ్యూకీ అదే కోటు. జాబ్ వాడి చదువుతో వచ్చింది, కోటుతో కాదు. కాకపోతే ఎదురుగా కూర్చున్నప్పుడు చేతులు దాచుకోవాల్సిన అవసరం వాడికి రాలేదు. నాకు రిసెప్షన్ అంతా అదే పని.

అందుకని సూట్ బడ్జెట్ వేసుకునేటప్పుడు ఒక వెయ్యి పక్కన పెట్టండి, అది టైలర్‌ది. ఫంక్షన్‌కి కనీసం పది రోజుల ముందు కొనండి. షోల్డర్ చూసి కొనండి. టైలర్‌కి ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పండి: "మడిచి కుట్టు అన్నా, కత్తిరించొద్దు." ఆయన అడిగినంత ఇవ్వండి.

మాస్టర్ ఇప్పుడూ అదే వరండాలో ఉన్నాడు. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు, వచ్చేవి ఎక్కువగా ఆల్ట్రేషన్లే అంట. మీ ఊళ్లో కూడా అట్లాంటి ఒకాయన ఉంటాడు. రెడీమేడ్ కవర్ పట్టుకుని వెళ్లండి. ఉంటా, బై.